యూరప్ యాత్రలో ఒకే ఒక్క జాతీయ ఉద్యానవనం: ఏది ఎంచుకోవాలి?

మా పిన్ని కొడుకు విజయవాడ నుంచి పోయిన నెల వాట్సాప్‌లో ఏడు ఫొటోలు పంపాడు. ఏడూ యూరప్ జాతీయ ఉద్యానవనాలవే. పచ్చటి నీళ్ల మీద చెక్క బాట ఒకటి, నిటారు కొండ కింద ఎర్ర గుమ్మటాల చర్చి ఒకటి, సముద్రం అంచున రంగురంగుల ఇళ్లు ఒకటి. అన్నిటి కిందా ఒకే ప్రశ్న: "అక్కా, వీటిలో ఏది?"

ఫొటోలు చూసి దీనికి జవాబు చెప్పలేం. ఏడూ బాగానే ఉంటాయి. అందుకని నేనే వాడికి మూడు ప్రశ్నలు పంపాను. విమానం ఎక్కడ దిగుతారు, ఎక్కడ తిరిగి ఎక్కుతారు? ఏ నెలలో వస్తారు? పిన్ని మెట్లు ఎక్కగలదా? మూడో ప్రశ్న వాడికి వింతగా తోచినట్టుంది, నవ్వు బొమ్మ పెట్టాడు. కానీ ఎంపిక తేలేది అక్కడే. జర్మనీలో ఉంటున్న ఇన్నేళ్లలో మా ఇంటికొచ్చిన చుట్టాలను ఇలాంటి చోట్లకు తిప్పి నేను నేర్చుకున్నది ఒక్కటే. మీరు బస చేసే నగరాల మధ్య దారిలో ఏది పడుతుందో చూడండి, మీలో అందరికన్నా బలహీనమైన మోకాళ్లు ఎవరివో చూడండి. ఈ రెండూ కలిసిన చోటికి వెళ్లండి. పది పన్నెండు రోజుల యాత్రకు ఒక్కటి చాలు. ఆ ఒక్కదాని దగ్గర ఒక రాత్రైనా నిద్ర చేయండి.

వాడి జవాబు వచ్చింది. వియన్నాలో దిగుతారు, వెనిస్‌లో ఎక్కుతారు. మే నెల చివరి వారం. పిన్ని మెట్లు ఎక్కుతుంది, దిగేటప్పుడే బాధ. వెంట బాబాయి, మరదలు, ఎనిమిదేళ్ల పాప. ఈ వివరాలు పెట్టుకుని మేమిద్దరం రెండు వారాలు ఫోన్లో కుస్తీ పట్టాం. అందులోంచి తేలిన సంగతులే ఇవి.

ముందు పేరు గురించి ఒక మాట. పార్కు అనగానే మనకు సాయంత్రం నడకకు వెళ్లే తోటో, జీపెక్కి పులి కోసం తిరిగే అడవో గుర్తుకొస్తుంది. యూరప్‌లో చాలా జాతీయ ఉద్యానవనాలు ఈ రెంటిలో ఏదీ కాదు. లోపల ఊళ్లుంటాయి, ఆవులు మేస్తుంటాయి, బస్సు తిరుగుతుంది, గేటే ఉండదు. మరికొన్నిట్లో గంటకు ఇంతమందే అని లెక్కపెట్టి పంపుతారు. అడవుల్లో ఎలుగుబంట్లు, తోడేళ్లు ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. మీకు కనిపించేది మాత్రం బోర్డు మీది బొమ్మే.

స్విట్జర్లాండ్ సంగతి మరీ తమాషా. మనవాళ్లు వెళ్లే యుంగ్‌ఫ్రావ్, టిట్లిస్, లౌటర్‌బ్రున్నెన్, ఇవేవీ జాతీయ ఉద్యానవనాలు కావు. ఆ దేశానికి ఉన్నది ఒకే ఒక్కటి, తూర్పు మూలన త్సెర్నెట్స్ ఊరి దగ్గర, 1914 నుంచి ఉంది. అక్కడ బాట వదిలి అడుగు పక్కన పెట్టకూడదు, పువ్వు కోయకూడదు, కుక్కను తాడు కట్టి కూడా తీసుకెళ్లకూడదు. కూలిన చెట్టును కూలినట్టే వదిలేస్తారు. చలికాలంలో సందర్శకులను రానివ్వరు. దుర్భిణి మెడలో వేసుకుని గంటల తరబడి నడిచే ఓపిక ఉన్నవారికి అది స్వర్గం. రోప్‌వే ఎక్కి మంచు చూసి కాఫీ తాగి రావాలనుకునేవారికి ఆ పేరుతో పనిలేదు.

దారిలో ఏది పడుతుంది

మన కుటుంబాలు వేసుకునే ప్రణాళికలు నాలుగైదు రకాలకు మించవు. బెర్లిన్ నుంచి ప్రాగ్ వెళ్తుంటే మధ్యలో డ్రెస్డెన్ వస్తుంది, దాని పక్కనే సాక్సన్ స్విట్జర్లాండ్. రోమ్, ఫ్లోరెన్స్ చూసేవారికి చింక్వే టెర్రే. మ్యూనిక్, జాల్జ్‌బర్గ్ చుట్టూ తిరిగేవారికి కోనిగ్జే సరస్సు ఉన్న బెర్ష్టెస్‌గాడెన్. వియన్నా నుంచి వెనిస్ దిగేవారికి స్లొవేనియాలోని ట్రిగ్లావ్. క్రొయేషియా తీరానికి వెళ్లేవారికి ప్లిట్విట్సె. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్‌తో సరిపెట్టుకునేవారికి కొండలు దొరకవు. కానీ నెదర్లాండ్స్‌లో హోగె వెలువె అని ఒకటి ఉంది. అడవి, ఇసుక తిన్నెలు, లోపల తిరగడానికి ఉచితంగా తెల్ల సైకిళ్లు, మధ్యలో వాన్ గో చిత్రాలున్న మ్యూజియం. నేల చదునుగా ఉంటుంది కనుక మోకాళ్ల గొడవ లేదు.

లండన్‌లో చుట్టాలున్నవారు లేక్ డిస్ట్రిక్ట్ గురించి అడుగుతారు. మంచి చోటే, కాదనను. అయితే బ్రిటన్‌కు వీసా వేరు, చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా అక్కడ చెల్లదు. ఒక్క సరస్సు కోసం రెండో వీసా రుసుము కట్టడం దండగ. బ్రిటన్ యాత్రను విడిగా పెట్టుకోవడమే నయం.

ఈ వరసలో రెంటిని త్వరగా ముగిస్తాను. సాక్సన్ స్విట్జర్లాండ్‌కు ఆ పేరు పెట్టింది పద్దెనిమిదో శతాబ్దంలో డ్రెస్డెన్ వచ్చిన ఇద్దరు స్విస్ చిత్రకారులని చెబుతారు. ఎల్బె నది ఒడ్డున ఇసుకరాతి స్తంభాలు, వాటి మధ్య 1851లో కట్టిన బాస్టై రాతి వంతెన. డ్రెస్డెన్ నుంచి లోకల్ రైలెక్కితే సుమారు 40 నిమిషాల్లో రాటెన్ స్టేషను. అక్కడ నది దాటించే పడవకు ఇంజను లేదు, ఇనప తాడుకు కట్టి ఉంటుంది, ప్రవాహమే తోస్తుంది. ఆ పడవ దిగాక కొండెక్కాలి, మెట్లు బాగానే ఉన్నాయి. మెట్లు వద్దనుకుంటే పిర్నా ఊరి నుంచి పైదాకా బస్సు ఉంది. సగం రోజు చాలు, రాత్రి బస అక్కర్లేదు. నేను పైన చెప్పిన ఒక రాత్రి నియమానికి ఇదొక్కటే మినహాయింపు.

చింక్వే టెర్రే అంటే ఐదు ఊళ్లు. 1999లో జాతీయ ఉద్యానవనం చేశారు. లా స్పెత్సియా నుంచి చిన్న రైలు ఐదు ఊళ్లకూ తిరుగుతుంది కనుక నడవకపోయినా ఫరవాలేదు. ఒక్క కొర్నీలియా మాత్రం కొండ కొమ్మున ఉంది, స్టేషను నుంచి 380కి పైగా మెట్లు. ప్రేమబాటగా పేరున్న సముద్రపు అంచు దారి 2012లో రాళ్లు విరిగిపడి మూతబడింది, 2024లో మళ్లీ తెరిచారు. వేసవిలో అక్కడి జనాన్ని చూస్తే ప్రకృతి కోసం వచ్చామా, జాతరకొచ్చామా అనిపిస్తుంది. అడవి, సరస్సు, నిశ్శబ్దం కావాలనుకునేవారికి ఈ చోటు నేను చెప్పను. సముద్రం, ఊరు, మంచి భోజనం కావాలంటే సరే.

మిగిలినవి మూడు. మా వాడి అసలు పోటీ ఈ మూడింటి మధ్యే.

ప్లిట్విట్సె: నీరు గోడ కట్టుకునే చోటు

ఏడు ఫొటోల్లో వాడు మనసు పారేసుకున్నది దీని మీదే. జాగ్రెబ్‌కు దక్షిణంగా సుమారు 130 కిలోమీటర్లు. 16 సరస్సులు మెట్లుమెట్లుగా ఉంటాయి, పైన పన్నెండు, కింద నాలుగు. ఒకదాని నీరు పొర్లి ఇంకోదానిలో పడుతుంది. అన్నిటికన్నా పెద్ద జలపాతం పేరు వెలికి స్లాప్, అంటే పెద్ద జలపాతం అనే. 78 మీటర్లు. మన తలకోన దానికన్నా కాస్త ఎత్తే కనుక, ఎత్తు చూడ్డానికైతే అంత దూరం పోనక్కర్లేదు.

అక్కడ చూడాల్సింది వేరు. సున్నపురాతి కొండల్లోంచి వచ్చే నీటిలో సున్నం కరిగి ఉంటుంది. ఆ సున్నం నాచు మీద, నీళ్లలో పడిన కొమ్మల మీద పేరుకుని రాయి అవుతుంది. బొర్రా గుహల్లో పైనుంచి వేలాడే రాళ్లను కట్టింది కూడా నీటిలో కరిగి వచ్చిన సున్నమే. అక్కడ చీకట్లో బొట్టు బొట్టుగా కట్టింది, ఇక్కడ పట్టపగలు, బతికున్న నాచు సాయంతో కడుతోంది. ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుందట. పెరిగిన గోడ వెనక నీరు నిలిస్తే సరస్సు, గోడ దాటి పొర్లితే జలపాతం. కాలు పెడితే ఆ నాచు నలిగిపోతుంది కనుక 2006 నుంచి ఈత పూర్తిగా నిషేధించారు. 1949లో జాతీయ ఉద్యానవనం అయింది, 1979లో యునెస్కో జాబితాలో చేరింది. 1991లో క్రొయేషియా యుద్ధంలో తొలి ప్రాణాలు పోయింది కూడా ఇక్కడే. ఇప్పుడా పచ్చదనం చూస్తుంటే నమ్మబుద్ధి కాదు.

చెక్క బాట గురించి ఫొటో చెప్పని సంగతి చెబుతాను. కొయ్యలను అడ్డంగా పేర్చి కొట్టిన బాట అది, చాలాచోట్ల పక్కన పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కొయ్యల సందుల్లోంచి కింద పారే నీరు కనిపిస్తూ ఉంటుంది. ఎదురుగా ఒక గుంపు వస్తే ఒకరి భుజం ఒకరికి తగలకుండా ఒదగాలి. వాన పడిందంటే కొయ్య సబ్బులా జారుతుంది. పిల్లల తోపుడు బండి ఇక్కడ బరువే తప్ప ఉపయోగం లేదు.

మొదటిసారి అమ్మనూ నాన్ననూ ఒక ప్యాకేజీ బస్సులో తీసుకెళ్లాను. జూలై నెల, మిట్ట మధ్యాహ్నం. మాకిచ్చిన సమయం రెండున్నర గంటలు. వెలికి స్లాప్ ముందు ఫొటో కోసం వరుస, పడవ కోసం వరుస, మూత్రశాల దగ్గర వరుస. "తిరుమల క్యూ కాంప్లెక్సులో కనీసం కూర్చోడానికి బల్లలైనా ఉంటాయి" అన్నారు నాన్న. పై సరస్సులు చూడకుండానే వెనక్కి తిరిగాం. మరుసటేడు నేనొక్కదాన్నే వెళ్లి రెండో ప్రవేశద్వారం పక్కనున్న ముకిన్యె అనే ఊళ్లో రాత్రి ఉన్నాను. పొద్దున్నే మొదటి గంటలో లోపలికి వెళ్తే బాట మీద నా చెప్పుల చప్పుడు నాకే వినిపించింది. రెండుసార్లు చూసినదీ ఒకే చోటని చెబితే నమ్మరు.

కాబట్టి వెళ్తే ఇలా వెళ్లండి. టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, ఏ ద్వారం, ఏ గంట అన్నది అందులోనే ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పెద్దవాళ్లకు 40 యూరోలు వసూలు చేస్తున్నారు, నడి చలికాలంలో అందులో నాలుగో వంతే. వెళ్లే ముందు ఆ నెల ధర చూసుకోండి. లోపల తిరిగే కరెంటు పడవ, బండి టికెట్టులోనే కలిసి ఉంటాయి. దారులకు ఇంగ్లిషు అక్షరాలతో పేర్లు పెట్టారు. నాలుగు నుంచి ఆరు గంటలు నడవగలిగితే రెండో ద్వారం నుంచి మొదలయ్యే 'హెచ్' దారి పట్టండి. బండి మిమ్మల్ని పైకి చేరుస్తుంది, అక్కడి నుంచి నీటితో పాటే కిందికి దిగుతూ రావచ్చు, మొత్తం తొమ్మిది కిలోమీటర్లకు దగ్గర. అంత ఓపిక లేనివారికి మొదటి ద్వారం నుంచి 'బి' దారి, నాలుగు కిలోమీటర్లు.

అయితే 'హెచ్' దారి దాదాపు అంతా దిగుడే. పిన్నికి బాధ దిగేటప్పుడే కదా. పైగా ప్లిట్విట్సెకు రైలు లేదు, జాగ్రెబ్ నుంచి రెండు, రెండున్నర గంటలు బస్సులో రావాలి. వియన్నా, వెనిస్ మధ్య ప్రయాణానికి ఇది రెండు రోజుల పక్కదారి. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరింది, యూరో కూడా అప్పుడే వచ్చింది కనుక వీసా బెంగ తీరింది. దూరం మాత్రం ఎక్కడికీ పోలేదు. వాడికి ఆ మాటే చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు.

కోనిగ్జే: కూర్చునే చూడొచ్చు

పెద్దవాళ్లతో వచ్చేవారు అడిగితే నా నోటి నుంచి మొదట వచ్చే పేరు ఇదే. జర్మనీకి ఆల్ప్స్‌లో ఉన్న ఏకైక జాతీయ ఉద్యానవనం బెర్ష్టెస్‌గాడెన్, 1978లో ఏర్పడింది. అందులోని సరస్సు కోనిగ్జే. రెండు పక్కలా కొండలు నిటారుగా నీళ్లలోకి దిగిపోతాయి, ఒడ్డు వెంట నడవడానికి దారి లేదు. అందుకే అందరూ పడవ ఎక్కాల్సిందే. 1909 నుంచీ కరెంటు పడవలే నడుపుతున్నారు కాబట్టి పొగ లేదు, చప్పుడు లేదు.

ఆ పడవలో జరిగే ఒక చిన్న తంతు కోసం నేను నాలుగుసార్లు వెళ్లాను. సరస్సు మధ్యలో, ఒక పెద్ద రాతి గోడ ఎదుట, పడవ ఆపేస్తారు. పడవవాడు కిటికీ తలుపు పక్కకు జరిపి, ఇత్తడి బాకా తీసి రెండు ముక్కలు వాయిస్తాడు, ఆగుతాడు. ఒక్క క్షణం ఏమీ ఉండదు. తర్వాత అవే రెండు ముక్కలు కొండ తిరిగి వాయిస్తుంది, కాస్త మెత్తగా. అందరూ చప్పట్లు కొడతారు, వాడు టోపీ పట్టుకుని వరుసల మధ్య వస్తాడు. "నాకు సగం ఇవ్వండి, కొండకు సగం ఇవ్వండి" లాంటి జోకేదో జర్మన్‌లో వేస్తాడు. నాణేలు దగ్గర పెట్టుకోండి.

సుమారు 35 నిమిషాలకు సెయింట్ బార్తలోమా వస్తుంది. ఫొటోలోని ఎర్ర గుమ్మటాల చర్చి ఇదే. దాని వెనక వాట్జ్‌మాన్ కొండ, 2,713 మీటర్లు. పూర్వం ఒక క్రూరుడైన రాజు పెళ్లాం బిడ్డలతో సహా రాయైపోయాడని, పక్కపక్కనున్న ఆ శిఖరాలు వాళ్లేనని అక్కడివాళ్ల కథ. మా పాపలాంటి పిల్లలకు కొండ చూపించి ఎవరు అమ్మ, ఎవరు పిల్లలు అని లెక్కపెట్టించవచ్చు. చర్చి చుట్టూ నేల చదును, బెంచీలున్నాయి, సరస్సులో పట్టిన చేపను పొగబెట్టి అమ్ముతారు. ఇంకో 20 నిమిషాలు పడవలోనే ముందుకు వెళ్తే జాలెట్ రేవు. అక్కడ దిగి పావుగంట చదునుగా నడిస్తే ఓబర్‌జే అనే ఇంకో చిన్న సరస్సు. అద్దంలా ఉంటుంది అనే మాట అరిగిపోయింది కానీ, అక్కడ నిజంగానే కొండ ఏదో నీడ ఏదో తెలియదు. మే నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకా వచ్చేవారికి జాలెట్ పడవ ఉంటుంది. చలికాలంలో పడవలు బార్తలోమాతోనే వెనుదిరుగుతాయి.

జాల్జ్‌బర్గ్ స్టేషను ముందు 840 నంబరు బస్సెక్కితే ముప్పావు గంటకు బెర్ష్టెస్‌గాడెన్, అక్కడి నుంచి ఇంకో బస్సులో పది నిమిషాలు. ఉద్యానవనానికి ప్రవేశ రుసుము లేదు, పడవకే టికెట్టు. ఎండ కాసే ఆదివారం మాత్రం వెళ్లకండి, రేవు దగ్గర వరుస గంట దాటుతుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో కోనిగ్జే పేరు కొట్టగానే జలపాతం అంచున సహజంగా ఏర్పడిన ఈత మడుగు ఒకటి వస్తుంది. కింద సరస్సు, అంచున తడి జుట్టుతో ఒకమ్మాయి. దాని జోలికి పోకండి. అక్కడికి ఎక్కుతూ దిగుతూ మొక్కలన్నీ తొక్కేశారు, 2019లో ఇద్దరు కుర్రాళ్లు మునిగి చనిపోయారు. 2021లో ఆ ప్రాంతాన్ని మూసేశారు, లోపల దొరికితే భారీ జరిమానా అన్నారు. ఫొటోలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

కోనిగ్జేకు ఒక్క లోటు ఉంది. ప్రతిదీ పడవ వేళల ప్రకారమే నడుస్తుంది. బార్తలోమా దగ్గర ఎంత బాగున్నా ఆఖరి పడవ గంట చూసుకుంటూ కూర్చోవాలి. రాత్రి ఉండేది ఇవతలి ఒడ్డునే, అక్కడేమో బొమ్మల దుకాణాలు, బీరు హాళ్లు. సరస్సు మీద చీకటి పడటం చూడలేం.

బోహీన్: ఏమీ చేయకుండా ఉండే చోటు

స్లొవేనియాకు ఒకే జాతీయ ఉద్యానవనం, ట్రిగ్లావ్. ఆ పేరున్న శిఖరం 2,864 మీటర్లు, దేశపు జెండా మీద, 50 సెంట్ల నాణెం మీద ఉంటుంది. దేశంలో నూటికి నాలుగు వంతుల నేల ఈ ఉద్యానవనమే. గేటు లేదు, ప్రవేశ టికెట్టు లేదు. కొన్ని జలపాతాలకు, లోయలకు మాత్రం విడిగా తీసుకుంటారు.

అందరూ ఫొటో దిగే బ్లెడ్ సరస్సు, మధ్యలో దీవి, దీవి మీద చర్చి, అది ఉద్యానవనం లోపల లేదు, బయటే ఉంది. అందంగా ఉంటుంది, రద్దీగానూ ఉంటుంది. చాలామంది బ్లెడ్ చూసి ట్రిగ్లావ్ చూశామనుకుంటారు. బస్సులో ఇంకో 40 నిమిషాలు కూర్చుంటే బోహీన్ వస్తుంది. నాలుగు కిలోమీటర్ల పొడవు సరస్సు, చుట్టూ కొండలు. ఒడ్డున ఇళ్లు కట్టనివ్వకపోవడం వల్ల చాలా మేర గడ్డి, చెట్లు, నీళ్లు అంతే. తూర్పు కొసన రిబ్చెవ్ లాజ్ అనే ఊరు, రాతి వంతెన, పాత చర్చి. పడమటి కొసన ఉకాన్ట్స్. రెంటి మధ్య చిన్న పడవ తిరుగుతుంది.

చేయదలచుకుంటే పనులకు కొదవ లేదు. ఉకాన్ట్స్ దగ్గర రోప్‌వే ఎక్కితే నాలుగైదు నిమిషాల్లో 1,535 మీటర్ల ఎత్తున వోగెల్ మీద ఉంటారు. మబ్బు లేకపోతే ట్రిగ్లావ్ శిఖరం ఎదురుగా కనిపిస్తుంది. సావిత్సా జలపాతానికి 500 మెట్లకు పైగా ఉన్నాయి, దిగేది కూడా ఆ మెట్ల మీంచే కనుక పిన్నిలాంటివారు కింద కాఫీ దుకాణంలో ఆగడం మంచిది. సరస్సు చుట్టూ తిరిగితే 12 కిలోమీటర్లు, అలసిపోతే సగంలో పడవ ఎక్కేయొచ్చు. ఈత కొట్టొచ్చు, పడవ అద్దెకు తీసుకోవచ్చు, ఏమీ చేయకుండా కూర్చోవచ్చు.

లోట్లు చెప్పాలి కదా. వానలెక్కువ. యూరప్‌లో అంతటా ఎండ కాస్తున్న రోజు బోహీన్‌లో తుంపర పడటం నేను రెండుసార్లు చూశాను. అలాంటప్పుడు రోప్‌వే టికెట్టు కొనకండి, పైన తెల్లటి దుప్పటి తప్ప ఏమీ కనపడదు. రెండోది, ఫొటోలో ఇది ప్లిట్విట్సెకు సాటి రాదు. ఒక్క చూపులో నోరు తెరిపించే దృశ్యం ఏదీ లేదు. రెండో రోజు పొద్దున పొగమంచు లేస్తున్నప్పుడు తప్ప దాని సంగతి తెలియదు. ఒక్క పూట చూసి వెళ్లేవారికి బోహీన్ చెప్పను, బ్లెడ్ చాలు.

దారి మాటకొస్తే మా వాడికి ఇది సరిగ్గా సరిపోతుంది. వియన్నా నుంచి రైల్లో ల్యుబ్లియానా, అక్కడి నుంచి బోహీన్‌కు బస్సులో రెండు గంటలు. వెనిస్ వైపుకు బస్సులున్నాయి. కోనిగ్జే ఎంచుకుంటే వియన్నా నుంచి రెండున్నర గంటల్లో జాల్జ్‌బర్గ్. అదీ పడమటి దారిలోనే ఉంది.

నెల, తిండి, డబ్బు

మన బడి సెలవులు ఏప్రిల్ చివర మొదలవుతాయి. అక్కడ అప్పటికి కొండల మీద మంచు కరుగుతూ ఉంటుంది, ప్లిట్విట్సెలో నీళ్లు నిండుగా ఉంటాయి కానీ పై దారులు కొన్ని మూసి ఉండొచ్చు. మే మూడో వారం దాటాక వస్తే మూడు చోట్లా బాగుంటుంది, జూలై జనం ఇంకా రారు. దసరా సెలవుల్లో వచ్చేవారికి నేను నిస్సంకోచంగా ప్లిట్విట్సె చెబుతాను. ఆకులు రంగు మారతాయి, టికెట్టు తగ్గుతుంది, వరుసలు పలచబడతాయి.

శాకాహారులకు కొండ హోటళ్లలో దొరికేది తక్కువ. స్లొవేనియాలో జున్ను పెట్టి చుట్టిన ష్ట్రుక్లి ఉడకబెట్టి ఇస్తారు, మన కుడుముల చుట్టంలా ఉంటుంది, కానీ పిండిలో గుడ్డు ఉంటుందేమో అడగాలి. జర్మనీలో ఆదివారం కిరాణా దుకాణాలు మూసేస్తారు, శనివారమే రొట్టె, పెరుగు కొనిపెట్టుకోండి. పులిహోర కలుపుకుని బయల్దేరితే మధ్యాహ్నం గండం గడుస్తుంది. ఇంటి నుంచి తెచ్చేవాటిలో ఆవకాయకు అడ్డులేదు. మాంసం పచ్చళ్లు, పాలకోవా లాంటి పాల పదార్థాలు మాత్రం యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు, కస్టమ్స్ వాళ్లు తీసి పారేస్తారు. మా అత్తగారు తెచ్చిన కోవా అలాగే పోయింది. ఆవిడ ఇప్పటికీ అక్కడి దేశాన్ని క్షమించలేదు.

డబ్బు దగ్గర మూడూ సుమారుగా ఒకే చోటికి వస్తాయి. ప్లిట్విట్సెలో టికెట్టు ఎక్కువ, బస చవక. కోనిగ్జేలో పడవకు, హోటలుకు రెంటికీ బాగానే అవుతుంది. బోహీన్‌లో ఉచితంగా చూసి రోప్‌వే దగ్గర తిరిగి కట్టేస్తారు. రూపాయల్లో లెక్కేసి తేల్చుకునేంత తేడా ఉండదు.

పిన్ని తీర్పు

నేను కోనిగ్జే అన్నాను. దిగే మెట్లు లేవు, పడవలో కూర్చోవచ్చు, పాపకు బాకా, రాయైన రాజు కథ ఉన్నాయి. వాడు ప్లిట్విట్సె వదలలేక బోహీన్ దాకా వచ్చి ఆగాడు. ఆఖరికి పిన్నినే ఫోన్లోకి పిలిచాం. మూడు చోట్ల గురించీ ఓపిగ్గా విని ఆవిడ రెండే అడిగింది.

"ఆ పదహారు చెరువుల్లో కాళ్లు తడుపుకోనిస్తారా?"

లేదని చెప్పాను. నాచు సంగతీ, రాయి సంగతీ చెప్పాను. మంచిదే, పాపం దాన్ని తొక్కకూడదు అంది.

"ఆ బాకా వాయించే చోట సాయంత్రం దీపాలు పెట్టే వేళదాకా కూర్చోవచ్చా?"

ఆఖరి పడవ ఐదారింటికే ఉంటుందని, అప్పటికి లేవాలని చెప్పాను.

"అయితే మూడోదానికే టికెట్లు కొనండి" అంది. ఇన్ని నీళ్లు చూడ్డానికి అంత దూరం వెళ్లి గడియారం చూసుకుంటూ కూర్చోవడం తనవల్ల కాదంది.

బోహీన్‌లో రెండు రాత్రులకు గది దొరికింది, వంతెనకు పది నిమిషాల నడక. మే చివర ఆ నీళ్లు పాదాలు జివ్వుమనేంత చల్లగా ఉంటాయని చెబితే, కృష్ణలో కార్తీక స్నానాలు చేసినదాన్ని నాకు చెబుతున్నావా అంది. ఒక తువ్వాలు ఎక్కువ పెట్టుకోమని మాత్రం మా వాడికి మెసేజ్ పెట్టాను.